క్రిస్మస్ సెలవులకి ప్రయాణమా? టికెట్టు కన్నా ముందు స్టాంపు చూడండి

మన ఇళ్లలో ఇప్పుడు పండగలు రెండు రకాలు. పంచాంగం చెప్పేవి కొన్ని, అమెరికా క్యాలెండరు చెప్పేవి కొన్ని. రెండో రకంలో అన్నిటికన్నా పెద్దది క్రిస్మస్. ఏ మతం వాళ్ల ఇల్లయినా సరే... కూతురో కొడుకో డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉంటే ఆ ఇంటి తల్లిని పలకరించే మాట ఒకటే: ‘క్రిస్మస్‌కి పిల్లలొస్తున్నారా?’ దసరాకి వస్తున్నారా, ఉగాదికి వస్తున్నారా అని ఎవరూ అడగరు. రారని అందరికీ తెలుసు.

అసలు డిసెంబరే ఎందుకు? అక్కడ ప్రైవేటు ఉద్యోగికి జీతంతో కూడిన సెలవు ఇచ్చి తీరాలనే కేంద్ర చట్టమేదీ లేదు. కంపెనీ ఎన్ని రోజులిస్తే అన్నే. పిల్లాడికి జ్వరమొచ్చినా, బడి వాళ్లు పిలిచినా చాలాచోట్ల అందులోంచే కోసుకోవాలి. క్రిస్మస్ మాత్రం 1870 నుంచి అక్కడ కేంద్ర ప్రభుత్వ సెలవు. ఆ రోజు మొదలు కొత్త సంవత్సరం దాకా ఆఫీసులు సగం నిద్రలో ఉంటాయి, బడులకి సెలవులిస్తారు. ఈ వారానికి సొంత సెలవులు ఓ పది అతికిస్తే మూడు వారాలు కలిసొస్తాయి. రానూపోనూ రెండేసి రోజులు, జెట్‌లాగ్‌కి నాలుగు రోజులు, అత్తవారింట్లో వారం, పుట్టింట్లో వారం... అదీ లెక్క.

ఈ లెక్క మన లెక్కకి మాత్రం ఎప్పుడూ కుదరదు. డిసెంబరు మధ్యలో ధనుర్మాసం వచ్చేస్తుంది, ఇక ముహూర్తాలుండవు. అల్లుడూ కూతురూ దిగేసరికి పెళ్లిళ్లు అయిపోయి ఉంటాయి. భోగిమంటకి వారం ముందు వాళ్లు మళ్లీ విమానమెక్కేస్తారు. సంక్రాంతి అరిసెలు డిసెంబరులోనే వండి, అట్టపెట్టెల్లో సర్ది పంపేసి, అసలు పండగ రోజున ఖాళీ ఇంటి ముందు ముగ్గు పెట్టుకునే తల్లులు మన ఊళ్లలో ఎంతమందో! అయినా ఎవరూ ఏమీ అనుకోరు. ఏడాదికో రెండేళ్లకో ఒకసారి వస్తున్నారు, అదే పదివేలు.

2025లో ఆ ఒక్క కిటికీ కూడా మూసుకుపోయినంత పనయింది. అందుకే ఈ సంగతి వివరంగా చెప్పుకోవాలనిపించింది. రాబోయే డిసెంబరుకి టికెట్లు చూస్తున్న ఇళ్లు చాలానే ఉంటాయి కదా.

మొదటి కుదుపు సెప్టెంబరులో వచ్చింది. 2025 సెప్టెంబరు 19న అమెరికా అధ్యక్షుడు ట్రంప్, కొత్త హెచ్-1బి దరఖాస్తుకి లక్ష డాలర్లు... మన రూపాయల్లో ఎనభై లక్షల పైమాటే... కట్టాలనే ప్రకటన మీద సంతకం పెట్టారు. 21వ తేదీ నుంచే అమలన్నారు. ఇది కొత్తవాళ్లకా, ఉన్నవాళ్లకీనా అన్నది మొదట తేలలేదు. దేశం బయట ఉన్న ఉద్యోగుల్ని వెంటనే వచ్చేయమని కొన్ని పెద్ద కంపెనీలు మెయిళ్లు పంపాయి. ఆ 21వ తేదీనే ఇక్కడ ఎంగిలిపూల బతుకమ్మ. పండగకని వచ్చినవాళ్లు తంగేడుపూలు వదిలి సూట్‌కేసులు పట్టుకోవలసి వచ్చింది. మర్నాటికి వివరణ వచ్చింది, కొత్త దరఖాస్తులకి మాత్రమేనని. కానీ ఈలోగా కొన్న టికెట్ల డబ్బు ఎవరిస్తారు?

అదే సెప్టెంబరులో ఇంకో రెండు మార్పులు చప్పుడు చేయకుండా వచ్చాయి. నన్నడిగితే లక్ష డాలర్ల కన్నా ఇవే మన ఇళ్లని ఎక్కువ కదిలించాయి. వీసా స్టాంపు మళ్లీ వేయించుకునేవాళ్లు అంతకుముందు చాలాసార్లు ఇంటర్వ్యూ లేకుండానే కాగితాలు పెట్టెలో వేసి వచ్చేవారు. ‘డ్రాప్‌బాక్స్’ అంటారే, అదే. సెప్టెంబరు 2 నుంచి హెచ్-1బి వాళ్లకీ, వాళ్ల భార్యాపిల్లలకీ దాన్ని తీసేశారు. అందరూ ఇంటర్వ్యూకి రావలసిందే, చంటిపిల్లలతో సహా. ఇక సెప్టెంబరు 6 నుంచి, పౌరసత్వమున్న దేశంలోనో నివాసమున్న దేశంలోనో తప్ప వేరే చోట దరఖాస్తు పెట్టుకోవద్దన్నారు. పక్కనే ఉన్న కెనడాకో మెక్సికోకో వెళ్లి స్టాంపు వేయించుకొచ్చే దారి అలా మూసుకుపోయింది. అంటే ఇక మిగిలింది ఇండియాకి రావడమే. వచ్చి వరసలో నిలబడటమే.

అసలు దెబ్బ డిసెంబరులో పడింది. హెచ్-1బి, హెచ్-4 దరఖాస్తుదారుల సోషల్ మీడియా ఖాతాలన్నీ డిసెంబరు 15 నుంచి చూస్తామని ఆ నెల మొదటి వారంలో అమెరికా ప్రభుత్వం ప్రకటించింది. ఒక్కొక్కరివీ చూడాలంటే టైము పడుతుంది కాబట్టి రోజుకి చేసే ఇంటర్వ్యూలు తగ్గాయి. దాంతో మన దేశంలో డిసెంబరు మధ్య నుంచి ఉన్న అపాయింట్‌మెంట్లు ఒక్కసారిగా 2026 మార్చికి వెళ్లిపోయాయి, కొందరికి ఇంకా వెనక్కి. పాత తేదీ పట్టుకుని వస్తే లోపలికి రానివ్వబోమని కూడా చెప్పేశారు. అప్పటికే ఎంతోమంది విమానం దిగి ఉన్నారు. గూగుల్, యాపిల్ లాంటి కంపెనీల తరఫు లాయర్లు, స్టాంపు కావలసిన ఉద్యోగులెవరూ దేశం దాటొద్దని సలహా ఇచ్చారు. దాటాక వచ్చిన సలహా దేనికి?

ఒక దేశం తన గడప తొక్కేవాళ్లని పరిశీలించుకోవడాన్ని నేను తప్పుపట్టను. అది వాళ్లిల్లు, వాళ్లిష్టం. కానీ రమ్మని తేదీ ఇచ్చి, అతిథి బస్సెక్కాక ‘మూడు నెలలాగి రా’ అనడం ఏ ఊరి మర్యాద? నిబంధన కొత్త దరఖాస్తులతో మొదలుపెట్టి ఉండొచ్చు. ఇచ్చిన తేదీలు నిలబెట్టి ఉండొచ్చు. హెచ్-1బి వాళ్లలో పదింట ఏడుగురు మన దేశస్థులే అయినప్పుడు, క్రిస్మస్ సెలవుల్లోనే వాళ్లు ఇళ్లకి వస్తారని తెలిసినప్పుడు, ఈ దెబ్బ ఎవరికి తగులుతుందో ఊహించడం కష్టం కాదు.

ఇక్కడ కొంచెం ఆగి, చాలామంది తల్లులు అడిగే ప్రశ్న చెప్పుకుందాం. ‘మా అమ్మాయికి 2027 దాకా పర్మిషనుందిగా, మరి స్టాంపు ఎందుకు?’ అంటారు. అద్దింటి లెక్కలో చూడండి. అగ్రిమెంటు ఒకటి, గేటు తాళంచెవి ఒకటి. అమెరికాలో ఉండటానికిచ్చిన అనుమతి, అంటే ఐ-94 అనే కాగితం మీది తేదీ, అగ్రిమెంటు. పాస్‌పోర్టులో అంటించే వీసా స్టాంపు తాళంచెవి. తాళంచెవి గడువు తీరిపోయినా లోపల ఉన్నంతకాలం ఎవరూ ఏమీ అనరు. ఉద్యోగం చేసుకోవచ్చు, పిల్లల్ని బడికి పంపుకోవచ్చు. గేటు దాటి బయటికొచ్చారా, కొత్త తాళంచెవి చేయించుకుంటే తప్ప లోపలికి వెళ్లలేరు. ఉద్యోగం మారినవాళ్లకీ, గడువు పొడిగించుకున్నవాళ్లకీ కొత్త అగ్రిమెంటు అక్కడే చేతికొస్తుంది. తాళంచెవి మాత్రం ఇండియాకి వచ్చే చేయించుకోవాలి. గ్రీన్‌కార్డు వస్తే ఈ బాధ ఉండదు గానీ, ఒక దేశం వాళ్లకి ఏడు శాతానికి మించి ఇవ్వకూడదనే నియమం వల్ల మనవాళ్ల వరస ఏళ్లూ పూళ్లూ సాగుతోంది. అందుకే పదిహేనేళ్లుగా అక్కడ ఇల్లూ వాకిలీ ఉన్నవాళ్లు కూడా ప్రతి డిసెంబరు ప్రయాణానికీ ఈ గేటు గురించి ఆలోచించాలి.

మరి ఇందులో ఆడవాళ్ల మాట ప్రత్యేకంగా ఎందుకు చెప్పుకోవాలి? చెప్పుకోవాలి. భర్త హెచ్-1బి మీద ఉంటే భార్యది హెచ్-4. ఆమె స్టాంపు విడిగా ఉంటుంది, దాని గడువూ విడిగానే ఉండొచ్చు. మా వీధి చివర ఒక రిటైర్డు టీచరుగారున్నారు. వాళ్లల్లుడి స్టాంపు బాగానే ఉంది. కూతురిది గడువైపోయింది. 2025 డిసెంబరు పదో తేదీన నాలుగేళ్ల మనవడితో సహా ముగ్గురూ వచ్చారు. పద్ధెనిమిదిన అమ్మాయికి అపాయింట్‌మెంటు. అది మార్చి చివరికి జరిగింది. అల్లుడు ఆగలేడు, ఉద్యోగం. పిల్లాడిది అమెరికా పాస్‌పోర్టు, బడి ఉంది. ఏడ్చుకుంటూ వాడిని తండ్రితో పంపేశారు. ఆ అమ్మాయికి హెచ్-4 మీద పనిచేసుకునే అనుమతి ఉంది, చిన్న ఉద్యోగం చేస్తోంది. వాళ్లాఫీసు నెల రోజులు చూసి, తర్వాత జీతం లేని సెలవన్నారు. ఏప్రిల్‌లో గాని వెళ్లలేకపోయింది. ఆ నాలుగు నెలలూ పిల్ల రాత్రిళ్లు మేలుకుని ఫోన్లో కొడుకుతో మాట్లాడటం, పగలు పడుకోవడం. పుట్టింట్లోనే ఉంది, పుట్టింట్లో ఉన్నట్టు లేదు.

హెచ్-4 మీద పనిచేసుకునే అనుమతి మొదలైందే 2015లో, అదీ భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక మెట్టు దాటిన వాళ్లకే. అది ఉండకూడదంటూ కోర్టులో నడిచిన కేసుని 2025 అక్టోబరులో అక్కడి సుప్రీంకోర్టు విచారణకి తీసుకోలేదు గనక ఆ అనుమతి నిలబడింది. కానీ అదే నెల 30 నుంచి, పునరుద్ధరణకి దరఖాస్తు పెట్టుకుంటే పాత కార్డు మీదే దానంతటదే పని కొనసాగించే సౌకర్యం తీసేశారు. అంటే ఆమె చేతిలో కాగితాలు రెండు, దేని గడువు దానిదే. ఇంట్లో భర్త కాగితాలు లాయరు చూసుకుంటాడు, కంపెనీ డబ్బు కడుతుంది. ఆమెవి ఎవరు చూస్తారు? ఆమే చూసుకోవాలి. కూతుళ్లకి చెప్పవలసిన మాట ఇది.

ఇక సోషల్ మీడియా సంగతి. ఖాతాలన్నీ అందరికీ కనిపించేలా తెరిచి పెట్టాలని చెప్పారు. వినడానికి చిన్న విషయమే. కానీ ఫేస్‌బుక్ వాళ్లు 2020లో మన దేశంలో ప్రొఫైల్‌కి తాళం వేసుకునే సదుపాయం పెట్టినప్పుడు, ముఖ్యంగా ఆడవాళ్ల భద్రత కోసమేనని చెప్పారు. ఫొటోలు దొంగిలించి ఏం చేస్తారో తెలియక మన పిల్లలు తాళాలేసుకున్నారు. ఇప్పుడు వీసా కోసం ఆ తాళం తీయాలి. వంట ఫొటోలు పెట్టుకునే ఇల్లాలు కూడా, ఏ ఊరివాడు చూస్తాడో తెలియకుండా పెళ్లి ఆల్బం తెరిచి పెట్టాలి. మగవాడికీ ఇదే రూలు, కాదనను. కానీ ఇద్దరూ తీసే తాళం బరువు ఒకటేనా? తీయక తప్పనప్పుడు ముందుగా కూర్చుని పిల్లల ఫొటోలు, ఇంటి అడ్రసు, బడి పేరు కనిపించే ఫొటోలు విడిగా దాచుకోవడం మంచిది. అయితే ఉన్న ఖాతాని దరఖాస్తులో లేదని రాయడం మాత్రం వద్దేవద్దు. అబద్ధం పట్టుబడితే వీసా మాటే మర్చిపోవాలి.

డిసెంబరుకి ఇంకో ముఖం కూడా ఉంది. అది పెళ్లిచూపుల సీజను. అబ్బాయి మూడు వారాలకొస్తాడు, పది సంబంధాలు చూస్తాడు, ధనుర్మాసం రాకముందు దిగగలిగితే తాంబూలాలు కూడా పుచ్చేసుకుంటారు. ఆస్తి, జీతం, చదువు అన్నీ అడుగుతాం. ‘బాబూ, నీ స్టాంపు ఎప్పటిదాకా ఉంది? ఈ ప్రయాణంలో వేయించుకోవాలా?’ అని అడిగే ఆడపిల్ల తండ్రిని నేనింకా చూడలేదు. అడగండి. మొహమాటమెందుకు? మీ అమ్మాయి హెచ్-4 దాని మీదే ఆధారపడుతుంది. పెళ్లయ్యాక భర్త వెళ్లిపోయి, భార్య అపాయింట్‌మెంటు తేదీ కోసం కంప్యూటరు ముందు నెలల తరబడి కూర్చునే కాపురాలు ఇప్పుడు కొత్త కాదు. చిలుకూరు బాలాజీ గుళ్లో కోరిక కోరుతూ పదకొండు, తీరాక నూటెనిమిది ప్రదక్షిణలు చేస్తున్న కొత్త పెళ్లికూతుళ్లని, పక్కనే చెప్పులు పట్టుకు నిలబడిన తల్లుల్ని చూస్తూనే ఉన్నాం.

అందుకని నేననేదేమిటంటే, టికెట్టు ధర చూసే ముందు ఇంట్లో అందరి పాస్‌పోర్టులూ టేబుల్ మీద పరవాలి. మొగుడిది, పెళ్లానిది, పిల్లలది... ఎవరి స్టాంపుకి ఎప్పటిదాకా గడువుంది? అందరివీ తిరుగు ప్రయాణం తేదీ దాటి ఉంటే హాయిగా రమ్మనండి. ఒక్కరిది దాటకపోయినా ఆ ప్రయాణం సెలవుల ప్రయాణం కాదు, వీసా ప్రయాణం. దానికి మూడు వారాలు చాలవు. ఇంటర్వ్యూ అయ్యాక కూడా 221(జి) అని కాగితం చేతికిచ్చి, ఇంకా పరిశీలించాలంటే, అది వారాలో నెలలో ఎవరూ చెప్పరు. ఇండియా నుంచే పనిచేసుకోనిస్తారా అని ఆఫీసులో ముందే రాతపూర్వకంగా అడిగి పెట్టుకోవాలి. పదహారేళ్ల లోపు పిల్లల అమెరికా పాస్‌పోర్టు అయిదేళ్లే ఉంటుందని చాలామంది మర్చిపోతారు. కొత్తది తీసుకోవాలంటే తల్లిదండ్రులిద్దరి అంగీకారం కావాలి. ఒకరు ఇక్కడ, ఒకరు అక్కడ చిక్కుకుంటే అదో తలనొప్పి.

ఇవతల మనం చేసే ఒత్తిడి కూడా తక్కువేం కాదు. పిల్లాడి పుట్టువెంట్రుకలు తిరుపతిలోనే తీయాలి, డిసెంబరులోనే తీయాలి, మీ అత్తగారు అడుగుతోంది, పక్కింటి వాళ్లబ్బాయి వచ్చాడు నువ్వు రాలేదు... ఫోన్లో ఈ మాటలు ఎంత తేలిగ్గా వచ్చేస్తాయో! అవతల వాళ్లు ఉద్యోగాన్నీ, ఇంటి అప్పునీ, బడినీ పణంగా పెట్టి విమానమెక్కాలి. రప్పించడానికి ‘నాకు ఒంట్లో బాగాలేదు’ అనే బాణం వేసే తల్లులూ ఉన్నారు. అది మాత్రం వద్దు. నిజంగా బాగాలేనప్పుడు పిల్లలు దాన్ని నమ్మాలి కదా. అత్యవసరమని చెప్పి అపాయింట్‌మెంటు ముందుకి జరపమని అడిగే వీలుంది గానీ దొరుకుతుందని భరోసా లేదు. పోయినవాళ్లని వీడియోలో చూసుకుని ఏడ్చిన కూతుళ్లు నాకు తెలుసు. రావాలా, ఆగాలా అని వాళ్లు ఆ రాత్రి తేల్చుకోవలసి రాకుండా, ‘అలాంటిదేమైనా వస్తే నువ్వు రాలేకపోయినా నేనేమీ అనుకోను’ అని బాగున్నప్పుడే ఒక మాట చెప్పిన తల్లి పెద్ద సాయం చేసినట్టు.

క్రైస్తవ కుటుంబాల సంగతి వేరు. వాళ్లకి క్రిస్మస్ సెలవు కాదు, పండగే. గుంటూరు వీధుల్లో డిసెంబరు మొదలుకాగానే నక్షత్రాలు వేలాడతాయి, సెమీ క్రిస్మస్‌లు మొదలవుతాయి, రాత్రుళ్లు పాటలు పాడుతూ ఇంటింటికీ వస్తారు. మెదక్ చర్చికి 2024 డిసెంబరు 25తో నూరేళ్లు నిండాయి. ఆ రోజు అక్కడికి పిల్లాపాపలతో వెళ్లడమంటే మనకి సంక్రాంతికి అమ్మమ్మగారి ఊరు వెళ్లినట్టే. అందరికీ పిల్లలు ఏదో ఒక సెలవులో వస్తే చాలు, వాళ్లకి ఆ రోజునే రావాలి. 2025లో ‘వస్తే తిరిగి వెళ్లలేమేమో’ అని ఆగిపోయిన పిల్లల ఇళ్లలో నక్షత్రం వెలిగింది, భోజనాల బల్ల దగ్గర కుర్చీలు మిగిలిపోయాయి.

పిల్లలు రాలేకపోతే? మనమే వెళ్దాం అంటున్నారు ఇప్పుడు చాలామంది తల్లులు. నాకు ఇది నచ్చిన మార్పు. మన విజిటరు వీసా సాధారణంగా పదేళ్లకిస్తారు. పాత పాస్‌పోర్టులో వీసా గడువు మిగిలి ఉంటే, ఆ పాత పుస్తకమూ కొత్త పుస్తకమూ రెండూ పట్టుకెళ్తే చాలు. మళ్లీ వీసా అక్కర్లేదు. బీరువా అడుగున పడేసిన పాత పాస్‌పోర్టులు ఒకసారి తీసి చూడండి. వీసా లేనివాళ్లు మాత్రం చాలా ముందునుంచే పని మొదలుపెట్టాలి. వేలిముద్రలకి ఒక రోజు, ఇంటర్వ్యూకి నానక్‌రామ్‌గూడలో ఇంకో రోజు. ఇంటర్వ్యూలో తెలుగులో మాట్లాడొచ్చు, ఇంగ్లీషు రాదని భయపడకండి. ఎందుకెళ్తున్నారు, ఎన్నాళ్లుంటారు, ఎప్పుడు తిరిగొస్తారు... ఉన్నదున్నట్టు చెప్పడమే. మన పేర్లతో ఇంకో చిక్కుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి, పేరంతా ఒకే గడిలో రాయించుకున్న ఆడవాళ్లు మనలో ఎక్కువ. వాళ్ల అమెరికా వీసా మీద పేరు స్థానంలో ‘ఎఫ్.ఎన్.యు.’ అని పడుతుంది. పేరు తెలియదని దానర్థం! అరవై ఏళ్లొచ్చాక పేరు తెలియని మనిషిగా వెళ్లడమెందుకు, దరఖాస్తుకి ముందే పాస్‌పోర్టు సరిచేయించుకోవచ్చు.

క్రిస్మస్‌కి అక్కడ ఉండాలంటే క్రిస్మస్‌కే బయల్దేరాలని లేదు. డిసెంబరు మధ్య నుంచి జనవరి మొదటి వారం దాకా టికెట్లు మండిపోతాయి. ఆ రోజుల్లోనే కదలక తప్పనివాళ్లు ఉద్యోగస్థులూ, బడి పిల్లలూ. రిటైరైన మనకేం తొందర? కార్తీకమాసం దీపాలయ్యాక నవంబరులో వెళ్లి, జనవరి చివర్లో వస్తే ఖర్చూ తగ్గుతుంది, తోపులాటా తగ్గుతుంది. ఇంకా ఉద్యోగం చేస్తున్న తల్లులకి ఇది కుదరదనుకోండి. ప్రభుత్వోద్యోగమైతే విదేశానికి వెళ్లడానికి శాఖ నుంచి అనుమతి తీసుకోవాలి, అదీ టైము పట్టే పనే. ఇంట్లో ఇంకో అనుమతి కూడా ఉందనుకోండి! ‘మరి నాకు వంటో?’ అనే ఆయన సంగతి. అన్నం కుక్కర్లో పెట్టుకోవడం, పెరుగు తోడేసుకోవడం రెండు నెలల ముందు నుంచే నేర్పించండి. వీసా కన్నా దానికే ఎక్కువ టైము పట్టొచ్చు.

డిసెంబరు ప్రయాణానికి విమానాల మధ్య కనెక్షను దగ్గరగా పెట్టుకోవద్దు. 2022 డిసెంబరులో మంచు తుపాను వచ్చినప్పుడు అమెరికాలో సౌత్‌వెస్ట్ అనే ఒక్క ఎయిర్‌లైన్సే పదహారు వేలకి పైగా విమానాలు రద్దు చేసింది. జనం క్రిస్మస్ రోజంతా ఎయిర్‌పోర్టు నేల మీదే. మన దగ్గరా అంతే. 2025 డిసెంబరు 5న పైలట్ల విశ్రాంతి నిబంధనలకి తగ్గ ఏర్పాట్లు లేక ఇండిగో ఒక్కరోజే వెయ్యికి పైగా విమానాలు నిలిపేసింది. విశాఖ నుంచో రాజమండ్రి నుంచో ఉదయం విమానంలో హైదరాబాదు చేరి, మధ్యాహ్నం పెద్ద విమానమెక్కుదామనుకున్నవాళ్ల గతేమిటి? రెండూ ఒకే టికెట్టు మీద లేకపోతే రెండోదాని డబ్బు పోయినట్టే. ముందురోజే హైదరాబాదు చేరడమో, రైలెక్కడమో మేలు.

ఇన్సూరెన్సు తీసుకోకుండా మాత్రం కదలొద్దు. అక్కడ ఆసుపత్రి బిల్లు ఇక్కడి ఇంటి ఖరీదులా ఉంటుంది. విజిటర్లకి ప్రభుత్వ వైద్యమేమీ ఉండదు. పాలసీ కాగితంలో ఒక్క మాట చూడండి, ముందునుంచీ ఉన్న బీపీ, షుగరు, గుండె జబ్బులకి ఇస్తారా లేదా అని. చాలా చవక పాలసీలు ఇవ్వవు. మన వయసులో వచ్చేవన్నీ ముందునుంచీ ఉన్నవే కదా! ఉండే రోజులకి సరిపడా మందులు స్ట్రిప్పులతోనే, డాక్టరు చీటీతో పెట్టుకోండి. డబ్బాల్లోకి మార్చొద్దు. విమానం దిగాక అక్కడి అధికారి ఎన్నాళ్లు ఉండనిచ్చారో ఐ-94లో చూడమని కూతురికి చెప్పండి. మామూలుగా ఆరు నెలలిస్తారు గానీ పాస్‌పోర్టు గడువు అంతకన్నా ముందే తీరిపోతుంటే అంతవరకే ఇవ్వొచ్చు. వీసా పదేళ్లుంది కదా అని పదేళ్లు ఉండొచ్చనుకోకూడదు.

24 రాత్రి దిగేవాళ్లకి ఒక మాట. మర్నాడు వాల్‌మార్ట్, కాస్ట్‌కో, టార్గెట్ ఏవీ తెరవరు. పాలూ కూరగాయలూ ముందే తెచ్చిపెట్టమనండి. గుళ్లకి మాత్రం సెలవు కాబట్టి మనవాళ్లంతా బయల్దేరతారు. పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడి లాంటిచోట జనవరి ఒకటిన వెళ్తే తిరుమల క్యూ గుర్తొస్తుంది. కోటు, ఉన్ని మేజోళ్లు ఇక్కడ కొనకండి, అక్కడి చలికి ఇక్కడివి ఆగవు. పెట్టెలో ఆ చోటు ఆవకాయకీ, గోంగూర పచ్చడికీ, కారప్పొడికీ ఉంచుకోండి. కస్టమ్స్ కాగితంలో తినే వస్తువులు ఉన్నాయా అంటే ఉన్నాయనే చెప్పాలి. దాచితేనే జరిమానా. మామిడిపళ్లు, పచ్చి కూరలు, మాంసం పచ్చళ్లు పనికిరావు. కరివేపాకు రెమ్మ కూడా వద్దు. నిమ్మజాతి చెట్లకి తెగులు మోసే పురుగు దానిమీద ఉంటుందని పచ్చి కరివేపాకుని అక్కడ రానివ్వరు. కూతురు ఎంత అడిగినా సరే, పొడి చేసుకుని పట్టుకెళ్లండి.